తాతయ్య జడ వేస్తే

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. పిల్లల్ని చూసుకోవడం ఎన్నడూ తెలియని పెద్ద వయసు మగవాళ్ల చేతిలో పిల్లలు పడితే ఏమవుతుందన్నది ఆ సంగతి. ఒకరు దాని మీద వచ్చిన సినిమా చూసి బాధపడ్డారు, ఒకరు ఇంట్లో ఆ పరిస్థితి వచ్చి కంగారు పడుతున్నారు. ముప్ఫై ఏళ్లు సినిమా హాల్లో ఆపరేటరుగా చేసినవాణ్ని, ఆ తర్వాత మనవల్ని పెంచినవాణ్ని. రెండూ కలిసిన ప్రశ్నలు కాబట్టి మిగతా ఉత్తరాలు వచ్చే వారానికి ఉంచి వీటికే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: అయ్యా, నాకు 63 ఏళ్లు. పోస్టాఫీసులో చేసి రిటైరయ్యాను. మా ఆవిడ పోయి మూడేళ్లయింది. కోడలు కిందటేడు కువైట్ వెళ్లింది. అబ్బాయి లారీ మీద ఉంటాడు, నెలకి రెండుసార్లు ఇంటికి వస్తే గొప్ప. ఏడేళ్ల మనవడు, ఐదేళ్ల మనవరాలు నా దగ్గరే ఉంటున్నారు. మొన్న ఆదివారం పక్కింటి కుర్రాడు ‘ఓల్డ్ డాగ్స్’ అనే ఇంగ్లీషు సినిమా పెట్టి, ‘తాతగారూ, అచ్చం మీ కథే, పడీ పడీ నవ్వుతారు’ అన్నాడు. నాకు ఒక్కసారి కూడా నవ్వు రాలేదు. పిల్లలు అరగంటకే లేచి వాకిట్లోకి పోయారు. గొరిల్లా వచ్చినప్పుడు మాత్రం మళ్లీ వచ్చి కూర్చున్నారు. సినిమా అయ్యాక మనసంతా అదోలా అయిపోయింది. ఇంత పేరున్న నటులు చేసిన సినిమాకి నవ్వు రాకపోవడం నా లోపమా? – ఒక తాత, రాజోలు

జవాబు: మీ లోపం కాదండి. మీరు రోజూ చేస్తున్న పనిని ఆ సినిమా పట్టించుకోలేదు. అందుకే మీ మనసు నొచ్చుకుంది.

చూడనివాళ్ల కోసం కథ నాలుగు మాటల్లో చెబుతాను. 2009 నవంబరులో అమెరికాలో విడుదలైన డిస్నీ వాళ్ల సినిమా ఇది. రాబిన్ విలియమ్స్, జాన్ ట్రవోల్టా ఇద్దరూ పాత స్నేహితులు, వ్యాపారంలో భాగస్తులు. జపాన్ కంపెనీతో పెద్ద ఒప్పందం కుదుర్చుకునే తొందరలో ఉంటారు. ఇంతలో, ఏడేళ్ల కిందట జరిగి వెంటనే రద్దయిపోయిన ఒక పెళ్లి వల్ల తనకు కవలలున్నారని విలియమ్స్ పాత్రకి తెలుస్తుంది. పిల్లల తల్లి ఒక నిరసన కేసులో రెండు వారాలు జైలుకి వెళ్లాలి. ఆ రెండు వారాలూ పిల్లలు వీళ్ల మీద పడతారు. ఇద్దరికీ పిల్లల సంగతి ఏమీ తెలియదు. ఎక్కడికి వెళ్లినా జనం వాళ్లని తాతలనుకుంటారు.

బంగారం లాంటి కథ. మన కోనసీమలో ఊరికి పది ఇళ్లలో జరుగుతున్న కథ. కోడళ్లు, కూతుళ్లు కువైట్‌కో మస్కట్‌కో వెళ్లి డబ్బు పంపుతుంటే, ఇక్కడ అరుగు మీద కూర్చుని పిల్లల చేత ఎక్కాలు వల్లె వేయించే తాతలు ఎంతమంది లేరు? అలాంటి కథ చేతికొచ్చాక సినిమా తీసినవాళ్లు ఏం చేశారంటే, ‘వీళ్లకి రాదు’ అన్న ఒక్క ముక్క పట్టుకుని అదే నవ్వు అనుకున్నారు. 88 నిమిషాల సినిమాలో ఒకదాని మీద ఒకటి ప్రమాదాలు పేర్చారు. ఒకటి అయ్యేలోపు ఇంకోటి. మనిషి ఒక పని తప్పుగా చేసి, మళ్లీ చేసి, మూడోసారికి చెయ్యి కుదరడం అన్నది కనిపించదు. నవ్వు పుట్టేది ఆ మూడుసార్ల మధ్యలోనే కదండీ.

హాల్లో ఆపరేటరు గదిలోంచి చూస్తే మాటలు సరిగా వినపడవు, మిషను చప్పుడు మింగేస్తుంది. చిన్న కిటికీలోంచి జనం భుజాలు మాత్రం కనిపిస్తాయి. సీను పండిందో లేదో నేను ఆ భుజాలు చూసి చెప్పేవాణ్ని. 1996లో కమల్ హాసన్ ‘భామనే సత్యభామనే’ వేసినప్పుడు బెంచీల్లో ఆడవాళ్ల భుజాలు ఆగేవి కావు. ఆ కథకి మూలం 1993లో ఇదే రాబిన్ విలియమ్స్ చేసిన ‘మిసెస్ డౌట్‌ఫైర్’. అందులోనూ ఆయనకి వంట రాదు. పొయ్యి దగ్గర మంట అంటించుకుంటాడు, బయటినుంచి తెప్పించి తనే వండినట్టు వడ్డిస్తాడు. కానీ తర్వాత్తర్వాత వంట నేర్చుకుంటాడు, ఇల్లు సర్దుకుంటాడు. పిల్లల కోసం ఆ మనిషి మారడం మనకి కనిపిస్తుంది. అదే నటుడు, పదహారేళ్ల తర్వాత అలాంటి కథే. ఈసారి ఆయన చేతికి ఏ పనీ ఇవ్వలేదు.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది మాత్రల సీను. పిల్లలు ఈ ఇద్దరి మందులూ కిందపోసి, తోచినట్టు మళ్లీ డబ్బాల్లో పెట్టేస్తారు. ఒకరి మందు ఒకరు వేసుకుంటారు. దాంతో ఒకాయనకి గోల్ఫ్ ఆడుతుంటే దూరాలు అందవు. ఇంకొకాయనకి, అయినవాళ్లని పోగొట్టుకున్నవాళ్ల మధ్య కూర్చున్నప్పుడు ముఖం నవ్వుతూ బిగుసుకుపోతుంది. దీన్ని తమాషాగా సాగదీశారు. నేను మాత్రం కాసేపు టీవీ ఆపి బయటికొచ్చి నిలబడ్డాను. ఎందుకో చెబుతాను.

ఆరేళ్ల కిందటి మాట. మా అమ్మాయికి రెండో కాన్పు ఏడో నెలలోనే అయింది. పుట్టిన బిడ్డని కాకినాడ ఆసుపత్రిలో గాజు పెట్టెలో పెట్టారు. 43 రోజులు. మా ఆవిడ అక్కడే ఉండిపోయింది. అల్లుడు ఓడలో ఉద్యోగి, సముద్రం మీద ఉన్నాడు. ఇంటి దగ్గర ఆరేళ్ల మనవరాలు, ఎప్పుడూ మా ఇంట్లోనే పెరిగే మా తమ్ముడి మూడేళ్ల మనవడు, నేను. నాకప్పుడు 61. సాయంగా మా ఆవిడ అన్నగారు వచ్చారు. మా బావగారికి 66, భార్య లేదు. మొత్తం ఇద్దరు ముసలాళ్లం, ఇద్దరు పిల్లలు. అచ్చం ఆ సినిమాలో లాగే.

నాలుగో రోజు సాయంత్రం మోటారు కట్టడానికి పెరట్లోకి వెళ్లొచ్చేసరికి పిల్లాడు మంచం మీద కూర్చున్నాడు. చేతిలో నా షుగరు మాత్రల అట్ట. దిండు కింద పెట్టుకునే అలవాటు నాకు. అట్ట మీద ఒక గుంట చిరిగి ఉంది, మాత్ర లేదు. నోరు తెరిపించి చూశాను, ఏమీ లేదు. ‘ఏం తిన్నావురా’ అంటే ‘చాకెట్టు’ అన్నాడు. నా కాళ్లలో బలం పోయింది. పిల్లాణ్ని భుజాన వేసుకుని రోడ్డు మీదికి పరిగెత్తి ఆటో ఆపాను. బావగారు లైటు పట్టుకుని మంచం కింద, బొంతల మడతల్లో వెతుకుతూనే ఉన్నారు. ఆటో కదలబోతుంటే పరిగెత్తుకొచ్చి అరచెయ్యి చాపారు. సగం కరిగి, ఉమ్మితో తడిసిన మాత్ర. చేదనిపించి ఉమ్మేశాడు. అయినా ఎంత మింగాడో తెలియదు కదా. ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరమ్మ వేలు గుచ్చి రక్తం చూసింది, గంట గంటకీ చూసింది. దేవుడి దయ వల్ల ఏమీ కాలేదు. ఆవిడ చెప్పిన మాట మీక్కూడా రాస్తున్నాను. కొన్ని రకాల షుగరు మాత్రలు ఒక్కటి చాలు, చిన్నపిల్లలకి రక్తంలో చక్కెర ప్రాణం మీదికి వచ్చేలా పడిపోతుంది. అది వెంటనే కనిపించకపోవచ్చు, గంటల తర్వాత కూడా పడవచ్చు. అందుకని ‘బాగానే ఆడుకుంటున్నాడుగా’ అని ఇంట్లో ఉండకూడదు. వేళ్లు పెట్టి వాంతి చేయించకూడదు. మాత్రల అట్ట చేతపట్టుకుని 108కి ఫోన్ చేయాలి.

రాజోలు పెద్దాయనా, మీ మందులు ఎక్కడ పెట్టుకుంటున్నారు? ఈ మాట చదివిన వెంటనే లేచి వెళ్లి చూడండి. నావి ఆ రాత్రే మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలోకి, డబ్బా అటక మీదికి వెళ్లాయి.

ఇంకో సీను గురించి చెప్పకపోతే అన్యాయం. చిన్నపిల్ల బొమ్మల టీ పార్టీ చేసుకుంటుంటే తండ్రికి ఆడటం చేతకాదు. వాళ్లకి తెలిసినవాడొకడు పిల్లల ముందు బొమ్మలాటలు ఆడించేవాడు, ఆ పాత్ర బెర్నీ మాక్ వేశాడు. అతను ఈ ఇద్దరికీ యంత్రాల తొడుగులు తొడిగి, ఒకడు చెయ్యెత్తితే రెండోవాడి చెయ్యి లేచేట్టు చేస్తాడు. తండ్రి కూతురితో ఆడుకోవడానికి ఇంకొకడు అతన్ని తోలుబొమ్మలా ఆడించాలి! ఆ యంత్రం మొరాయించాక తండ్రి తన మనసులో మాట తనే మాట్లాడతాడు, పిల్ల దగ్గరవుతుంది. సినిమా మొత్తంలో నా భుజం కదిలింది అక్కడే. ఆ దారినే పోయి ఉంటే ఎంత బాగుండేది. వెంటనే వదిలేశారు.

మా ఇంట్లో దారి దొరికింది జడ దగ్గర. మా మనవరాలికి జుట్టు ఒత్తు. వాళ్ల అమ్మమ్మ రోజూ రెండు జడలు వేసి, మడిచి రిబ్బను కట్టేది. మొదటిరోజు నేను దువ్వెన మాడు దగ్గర పెట్టి కిందికి లాగాను. పిల్ల కళ్లనిండా నీళ్లు. చివరికి రబ్బరు బ్యాండు వేసి పంపాను. బడి వదిలాక వచ్చి అరుగు మీద కూర్చుని, ‘అమ్మమ్మ ఎప్పుడొస్తుంది’ అని ఒక్కటే అడిగింది. మర్నాడు పొద్దున్న బావగారు ఏమీ మాట్లాడకుండా చాప వేసుకుని కూర్చున్నారు. పిల్లని ముందు కూర్చోబెట్టుకుని, కొబ్బరినూనె రాసి, చిక్కు కొసల దగ్గర మొదలుపెట్టి పైకి తీసుకుంటూ వెళ్లారు. మూడు పాయలు చేశారు. కుడి పాయ మధ్యలోకి, ఎడమ పాయ మధ్యలోకి. ఆయన చిన్నప్పటినుంచీ కొబ్బరాకు తడికెలు అల్లిన మనిషి. ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదులు ఇవ్వాలో ఆ వేళ్లకి తెలుసు. జుట్టు మీద చెయ్యి వేయడం ఆయనకి అరవై ఆరేళ్లలో అదే మొదలు. రిబ్బను ముడి మాత్రం గేదె పలుపు ముడిలా పడింది. పిల్ల అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, ‘పెద్ద తాతయ్యా, రేపు కూడా నువ్వే’ అంది. ఆయన మొహం పక్కకి తిప్పుకున్నారు. నేను కాఫీ పెట్టే మిషతో లోపలికి వెళ్లిపోయాను.

మీరు కూడా మీ మనవరాలి కోసం ఈపాటికి ఏదో ఒకటి చేతకాని చోట నుంచి నేర్చుకునే ఉంటారు. ఆ సినిమా అడగని ప్రశ్న నేను అడుగుతున్నాను, మీరు మొదట నేర్చుకున్నది ఏమిటి? ఉత్తరం రాయండి, అచ్చు వేద్దాం.

ప్రశ్న: ఆ సినిమా అంత దండగ అయితే, అందులో గుర్తుపెట్టుకోదగ్గది ఏదీ లేదా? ఫ్లాపేనా? – డిగ్రీ విద్యార్థిని, పాలకొల్లు

జవాబు: విమర్శకులు దాదాపు అందరూ ఏకిపారేశారమ్మా. ఆ ఏడాది చెత్త సినిమాలకి ఇచ్చే రాజీ అవార్డులకి నాలుగు విభాగాల్లో నామినేట్ అయింది, చెత్త చిత్రం, చెత్త దర్శకుడు సహా. డబ్బు లెక్కలో ఫ్లాపని అనలేం. దాదాపు 3.5 కోట్ల డాలర్లు పెట్టి తీస్తే ప్రపంచమంతా కలిపి 9.6 కోట్ల వరకు వచ్చాయి. పండగ సెలవుల్లో పిల్లల్ని తీసుకుని హాలుకి వచ్చే కుటుంబాలు ఎక్కడైనా ఉంటాయి. వాళ్ల నమ్మకం మీద వచ్చిన డబ్బు అది. నాకు బాధ అక్కడే.

గుర్తుపెట్టుకోదగ్గది ఉంది. ఇందాక చెప్పిన బెర్నీ మాక్ 2008 ఆగస్టులోనే చనిపోయాడు. ఆయన్ని తెర మీద చివరిసారి చూసింది ఇందులోనే. కవలల తల్లిగా వేసిన కెల్లీ ప్రెస్టన్ ట్రవోల్టాకి నిజజీవితంలో భార్య. ఆడపిల్లగా వేసింది వాళ్ల సొంత కూతురు ఎల్లా. 2009 జనవరిలో వాళ్ల పదహారేళ్ల కొడుకు జెట్ చనిపోయాడు. సినిమాని బెర్నీ మాక్‌కీ, ఆ అబ్బాయికీ అంకితమిచ్చారు. తర్వాత 2014లో విలియమ్స్ పోయారు, 2020లో కెల్లీ పోయింది. ఇదంతా తెలిసి చూస్తే ఆ సినిమా మీద కోపం రాదు. ఇంతమంది మంచివాళ్లకి ఇంకాస్త మంచి సీన్లు రాసి ఉండాల్సింది అనిపిస్తుంది, అంతే.

ప్రశ్న: మా చిన్నమ్మాయి పురిటికి నేను అమెరికా వెళ్లాలి, ఆరు నెలలు. అబ్బాయి, కోడలు ఇద్దరూ ఉద్యోగస్తులు. వాళ్ల రెండేళ్ల బాబుని పగలంతా మావారే చూసుకోవాలి. ఆయనకి 62, మంచినీళ్లు కూడా నేనే అందిస్తాను. ఏది చెప్పినా ‘నాకు రాదు’ అంటారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ముందు ఏం నేర్పించమంటారు? – ఒక గృహిణి, మండపేట

జవాబు: అమ్మా, నేర్పించడం కన్నా ముందు మీరు ఒక పని చేయాలి. ప్రయాణానికి ఇంకా రోజులు ఉండగానే, ఒక మూడు రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా పక్కింట్లో కూర్చోండి. ఊళ్లోనే ఉండండి, ఇంట్లో మాత్రం ఉండకండి. మీరు గుమ్మంలో నిలబడి చూస్తున్నంతసేపూ ఆయన చేతులు కదలవు. మీరు అందుకుంటారని తెలుసు కదా. ఈ ‘నాకు రాదు’ అన్న మాట మేమూ అన్నాం. అలా అనే మగవాళ్లే చేనుకి ఎన్ని అంగుళాల నీరు పెట్టాలో కళ్లతో చూసి చెబుతారు, దూడ తల్లి దగ్గర తాగిందో లేదో పొట్ట చూసి చెబుతారు. రెండేళ్ల పిల్లాడి పొట్ట చూడటం అంతకన్నా కష్టం కాదు.

వంట గురించి బెంగ పెట్టుకోకండి. అన్నం మెత్తగా, పప్పు, నెయ్యి, ఒక అరటిపండు. వారంలో వచ్చేస్తుంది. ఏమరుపాటుగా ఉండకూడనివి రెండు మూడు ఉన్నాయి, వాటి మీద మీ శక్తి పెట్టండి.

జ్వరం మందు ముఖ్యం. పారాసిటమాల్ సిరప్ 5 మిల్లీలీటర్లకి 120 లేదా 125 మిల్లీగ్రాములు ఉండేది ఒకటి, 250 ఉండేది ఇంకొకటి దొరుకుతాయి. సీసాలు చూడటానికి ఒకేలా ఉంటాయి. మొదటిదాని కొలతతో రెండోది పోస్తే మందు రెట్టింపు పడుతుంది. కాబట్టి డాక్టరు చెప్పిన సీసా ఒక్కటే ఇంట్లో ఉంచి, మిగతావి తీసి పారేయండి. ఎంత పోయాలో బాబు బరువును బట్టి డాక్టరు చెప్పింది పెద్ద అక్షరాలతో రాసి సీసాకి అంటించండి. మీవారికి చత్వారం ఉందని మొహమాటపడకండి, కళ్లజోడు ఆ డబ్బా పక్కనే పెట్టండి.

విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్. మనవాళ్లు చాలామంది ప్యాకెట్లో కొంచెం గ్లాసులో కలిపి, మిగతాది మడిచి పెడతారు. అలా చేయకూడదు. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. ఇంట్లో లీటరు సీసా ఒకటి దానికే కేటాయించండి. 24 గంటలు దాటితే మిగిలింది పారబోసి కొత్తది కలపాలి. చెంచాతో, కొంచెం కొంచెంగా పట్టించమనండి. పిల్లాడు డీలా పడినా, తాగలేకపోయినా, మూత్రం తగ్గినా డాక్టరు దగ్గరికి పరుగే.

ఇక నీళ్లు. మీ ఇల్లు కాలవ గట్టు మీదో పక్కనో అయితే వీధి గుమ్మానికి గడియ పిల్లాడికి అందనంత ఎత్తులో పెట్టించండి, ఈ వారంలోనే. పెరట్లో గోలేనికి మూత, బక్కెట్లు బోర్లించి. రెండేళ్ల పిల్లాడు మునగడానికి జానెడు నీళ్లు చాలు. మునిగిపోయే పిల్లలు అరవరు, కేకలు వినపడతాయని కూర్చోకూడదు. నీళ్ల దగ్గర పిల్లాడు చేతికి అందేంత దూరంలో ఉండాలి, కంటికి కనిపిస్తే చాలదు.

రోజూ రాత్రి వీడియోలో మాట్లాడతారుగా, అప్పుడు ‘బాబు తిన్నాడా’ అని అడగకండి. ‘ఇవాళ మీరేం వండారు’ అని అడగండి. మా ఆవిడ కాకినాడ నుంచి అలాగే అడిగేది. ఆ ఒక్క ప్రశ్న కోసం నేను సాయంత్రం నుంచి ఎదురుచూసేవాణ్ని.

ప్రశ్న: సార్, నేను షార్ట్ ఫిల్ములు తీస్తుంటాను. ఇద్దరు తాతలు, పిల్లలు అనే కథ మన గోదావరి వైపు తీయాలని ఉంది. మీరైతే ఏ సీను పెడతారు? – ఒక కుర్రాడు, కొత్తపేట

జవాబు: గొరిల్లా అక్కర్లేదు బాబూ. జూన్ నెల పెట్టు.

వేసవిలో కాలవలు కట్టేస్తారు కదా. అడుగున ఇసుక, పగుళ్లిచ్చిన ఒండ్రు, అక్కడక్కడ బురద గుంటలు. కుర్రాళ్లు అందులోనే వికెట్లు పాతేస్తారు. తర్వాత ఒకరోజు ధవళేశ్వరం దగ్గర నీళ్లు వదులుతారు. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది, ఆ నాటి నుంచి ఈ డెల్టా ఆ నీటి కోసం ఎదురుచూస్తూనే ఉంది. రైతు కళ్లతో చూస్తే అది పండగ. పిల్లల్ని పెంచే తాత కళ్లతో చూస్తే గుండె దడ.

నీళ్లొస్తాయని ఊళ్లో అనుకుంటారు, ఎన్ని గంటలకో ఎవరికీ తెలియదు. తాతలిద్దరూ తువ్వాళ్లు భుజాన వేసుకుని పొద్దున్నే గట్టు మీదికి వస్తారు. కేకలేస్తే పిల్లలు వినరు. ఒకాయన పంచె ఎగ్గట్టి రేవు మెట్లు దిగి, పిచ్ మధ్యకి వెళ్లి నిలబడతాడు. ‘ఒక్క ఓవరు నాకు వేయండిరా, తర్వాత అందరం పైకి వెళ్లిపోదాం’ అంటాడు. బ్యాటు పట్టుకోవడం రాదు. రెండు బంతులు వదిలేస్తాడు, మూడోది తగులుతుంది, బంతి లాకుల వైపు దొర్లుకుంటూ పోతుంది. పిల్లాడు బంతి వెనక పరిగెత్తబోతే గట్టు మీదున్న రెండో తాత మెట్ల మీదే వాడి మణికట్టు పట్టుకుంటాడు. అప్పుడు ఎగువ నుంచి చప్పుడు. నీరు కనిపించదు ముందు. నురగ, ఎండు కొబ్బరి మట్టలు, చెప్పుల జత ఒకటి తోసుకుంటూ గోధుమ రంగు నాలుక లాంటిది ఇసుక మీద పాకుతూ వస్తుంది. అందరూ గట్టెక్కేసరికి వికెట్లు ఒక్కొక్కటీ వంగిపోతాయి. బంతి తేలుతూ వంతెన కిందికి వెళ్తుంది.

‘తాతయ్యా, అది ఎక్కడిదాకా పోతుంది?’

‘అంతర్వేది దాకా పోతుందిరా, సముద్రంలోకి.’

మణికట్టు ఇంకా వదలడు. కెమెరా అక్కడే ఉంచు.